బారాత్ బండి గేర్‌బాక్స్

దేవదాస్ నా దుకాణానికి మొదట వచ్చింది కొనడానికి కాదు, అమ్మడానికి. సిరిసిల్ల నుంచి ట్రాలీ ఆటోలో రెండు సాంచల మోటార్లు, గేరు చక్రాలు వేసుకొచ్చాడు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. పాత ఇనుము అమ్మేవాడు మామూలుగా దాని మంచితనం చెప్పుకుంటాడు. ఇతను ఒక్కో మోటారుకు ఉన్న రోగం ఏమిటో చెప్పి మరీ కిందికి దించాడు. అటువంటివాడితో బేరం కష్టం. ధర తగ్గించడానికి మనకు ఒక్క మాటా మిగలనివ్వడు.

నా పేరు హనుమంత రావు. మాది బుగ్గారం. ఊళ్లో ఇప్పటికీ కొందరు దొరా అంటారు, కోరుట్లలో సేటూ అంటారు. నాకు రెండోదే నయం. దొరకు ఊరికే దండం పెడతారు, దాంట్లో వ్యాపారం లేదు. కోరుట్లలో పాత బండ్లు కొని, విప్పి, సామాను అమ్ముతాను. ఏ బండిలో ఏది బతికి ఉందో, దాన్ని ఎవడు కొంటాడో తెలియడమే నా చదువు. బిగించడం నాకు రాదు, విప్పించడమే వచ్చు.

ఆ రోజు దుకాణం వెనక షెడ్డులో దేవదాస్ ఒక వస్తువు ముందు ఆగిపోయాడు. పాతకాలపు రాజుల కారు ఆకారంలో ఒక ఫైబర్ బాడీ, దాని కింద పైపులతో చేసిన ఛాసిస్, వెనక ఇరుసు. ధర్మపురి వైపు ఒకతను పెళ్లి ఊరేగింపులకు తిప్పుదామని ఉత్తరాది నుంచి విడివిడి భాగాలుగా తెప్పించుకున్నాడు. ఇంజను పెట్టించలేక నాకు ఇచ్చేసి గల్ఫుకు పోయాడు. ఫైబర్ తూకానికి రాదు, కాబట్టి నేనూ దాన్ని దుమ్ముకు వదిలేశాను.

"ఇంజన్ లేదా సేటూ?" అని అడిగాడు దేవదాస్.

"ఇంజనే ఉంటే గిది గీడెందుకుంటది?"

"నేను పెడ్త."

"నువ్వు సాంచలు బాగుచేసేటోనివి గదా?"

"మోటార్ తిరుగుతది, చక్రం తిరగాలె. సాంచైతేంది, కారైతేంది. నడిమిట్ల గలిపేటోడు గావాలె, అంతే."

తర్వాత ఒక్కొక్కటిగా అతని సంగతి తెలిసింది. సాంచల ఫిట్టరుగా సిరిసిల్లలో అతనికి పేరుంది. సొంతానికి నాలుగు సాంచలు ఉండేవి. బట్టల ఆర్డర్లు వస్తే నడవడం, రాకపోతే బంద్. బంద్ రోజులే ఎక్కువైనప్పుడు రెండింటిని విప్పి నాకు తెచ్చాడు. మహారాష్ట్రలోని భివండిలో ఒక సాంచల కార్ఖానా యజమాని ఫిట్టరు పని ఇస్తానని కబురు పెట్టాడట. మాఘమాసం దాకా ఎదురుచూస్తానని, తర్వాత ఇంకొకర్ని పెట్టుకుంటానని అన్నాడట. దేవదాస్ తండ్రి కూడా భివండిలోనే పనిచేశాడు. ఏడాదికి ఒకసారి వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ పిల్లలకు అతను ఎవరో తల్లి చెప్పాల్సి వచ్చేదట.

"నా బిడ్డకు గట్ల చెప్పుకునే గతి రావద్దు సేటూ," అన్నాడు. బిడ్డ పేరు తేజస్విని, తొమ్మిదో తరగతి. భార్య కల్యాణి బీడీలు చుడుతుంది.

నేను లెక్క వేసుకున్నాను. మా వైపు పెళ్లంటే బారాత్ లేకుండా కాదు. గుర్రం బండి పోయింది, ఓపెన్ టాప్ జీపు పాతబడింది. రాజుల కారు ఒకటి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మధ్య తిరిగితే పెళ్లి రోజుల్లో ఖాళీ ఉండదు. అంతకన్నా పెద్ద ఆశ ఇంకొకటి ఉంది. ఒక్క బండి నడిచిందంటే దాన్ని చూసి మాకూ ఒకటి చేసిపెట్టమని పదిమంది వస్తారు. అప్పుడు దేవదాస్ నా షెడ్డులో కూర్చొని బండి తర్వాత బండి బిగిస్తూనే ఉంటాడు, భివండి ఊసు ఉండదు. బాడీ, ఇంజను నావి. గేర్‌బాక్సు, లేతు పని, అతని చేతి పని అతనివి. చెరి సగం. గేర్‌బాక్సు కోసం అతను మిగిలిన రెండు సాంచలూ అమ్మేశాడు. ఆ మాట నాకు తర్వాత చెప్పాడు.

ఇక్కడ బారాత్ బండి సంగతి ఒకటి చెప్పాలి. మిగతా బండ్లన్నీ వేగంగా పోవడానికి చేస్తారు. బారాత్ బండి మెల్లగా పోవడానికి చేయాలి. ముందు డీజే లారీ, దాని వెనక ఆడే పిల్లలు, వాళ్ల వెనక హారతి పళ్లేలు పట్టుకున్న ముసలమ్మలు, ఆ తర్వాత పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఎక్కిన బండి. ముసలమ్మలను దాటకుండా, ఆగిపోకుండా, కుదుపు లేకుండా గంటల తరబడి పాకాలి. కారు గేర్‌బాక్సుకు అంత ఓపిక ఉండదు, దాని మొదటి గేరే మనిషి పరుగంత వేగం. జీపు మొదటి గేరు ఎద్దులాంటిది. అందుకని ఒక కారు డీజిల్ ఇంజనుకు ఒక పాత జీపు గేర్‌బాక్సు కలపాలని దేవదాస్ నిర్ణయించాడు. నా దుకాణంలో రెండూ ఉన్నాయి, గేర్‌బాక్సుకు అతను నాకు డబ్బు కట్టాడు. పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి కలుస్తాయని నేనూ అనుకున్నాను.

కలవలేదు. ఇంజను వెనక బోల్టుల వరస ఒక తీరుగా ఉంది, గేర్‌బాక్సు మూతి ఇంకో తీరుగా ఉంది. ఇద్దరు వియ్యపురాళ్లను ఒకే చాపమీద కూర్చోబెట్టినట్టు, ఒకరి మోకాలు ఇంకొకరికి తగులుతూనే ఉంది. మధ్యలో ఒక మందపాటి ఇనుప ప్లేటు పెట్టి, ఇటు వైపు ఇంజను రంధ్రాలు, అటు వైపు గేర్‌బాక్సు రంధ్రాలు వేయాలి. దేవదాస్ ఇంజను మూతికి గ్రీజు పూసి అట్టముక్క అదిమాడు. గేర్‌బాక్సు మూతికీ అట్లాగే. ఆ రెండు అచ్చులు పట్టుకొని ఇద్దరం జగిత్యాలలో శంకరయ్య లేతుకు పోయాం.

శంకరయ్య నోరు, లేతు రెండూ ఆగవు. అట్టలు తిప్పి చూసి, "కారుకు జీపు గేర్‌బాక్సా? గాడిదకు దున్నపోతు కాళ్లు పెట్టినట్టు," అన్నాడు.

"పెడితె దున్నుతదా, లేదా?" అన్నాడు దేవదాస్.

"దున్నుతదో తంతదో నాకేం ఎరుక. రంధ్రాలు టైటుగ వెయ్యన్నా?"

"వద్దు. ఒక సైజు పెద్దగ వెయ్యి. జరుపుకోను లూజుండాలె."

"నీ ఇష్టం. బిగించేటోనివి నువ్వు, తోలేటోనివి నువ్వు."

శంకరయ్య అడిగింది అంతే, దేవదాస్ చెప్పింది అంతే. లేతు మళ్లీ తిరిగింది. నేను చాయ్ తాగుతూ ఉన్నాను. బేరం మాటైతే నా చెవి పట్టుకునేది. అది బేరం కాదు కాబట్టి వదిలేశాను.

ప్లేటు వచ్చాక ఒక్కొక్కటే మొదలైంది. ప్లేటు మందం వల్ల గేర్‌బాక్సు వెనక్కి జరిగింది. దాని షాఫ్టు క్లచ్ ప్లేటును అంచుతో మాత్రమే పట్టుకుంది. ప్లేటును పలుచగా గీయించాం. షాఫ్టు అందింది, స్టార్టింగ్ మోటారు పళ్లు ఫ్లైవీలుకు తగిలాయి. మోటారును జరిపాం. ఇంజను కిందికి దించబోతే ఆయిల్ చాంబరు ఛాసిస్ అడ్డ పైపుమీద కూర్చుంది. చాంబరు కోసి వెల్డింగు పెట్టించాం, అది కారింది. ఇంజను పైకి లేపితే బానెట్టు మూతపడలేదు. వెనక్కి జరిపితే గేరు రాడు సరిగ్గా డ్రైవరు సీటు కింద మొలిచింది. పెళ్లికొడుకును తప్ప అన్నిటినీ కోశాం.

నా భార్య ప్రమీల ఒక రోజు షెడ్డుకు వచ్చి, కప్పికి వేలాడుతున్న ఇంజనును చూసి, "ఇది బండి చేసుడా, పోస్టుమార్టమా?" అంది.

"చేసేటప్పుడు అన్నీ గట్లనే ఉంటయి వదినా," అన్నాడు దేవదాస్. అతను ఎప్పుడూ చిరాకుపడేవాడు కాదు. ఒకటి కుదిరి ఇంకొకటి చెడితే, చెడినదాని దగ్గర కూర్చునేవాడు. నాకు అది ఓపికలాగా కనిపించేది. నష్టంలో ఉన్న దుకాణానికి రోజూ టైముకు షట్టరు ఎత్తేవాళ్లను నేను చూశాను. అదీ ఓపికే.

చివరికి ఇంజను, ప్లేటు, గేర్‌బాక్సు వరసగా కూర్చున్నాయి. స్టార్టు చేస్తే డబ్బాలో గులకరాళ్లు వేసి తిప్పినట్టు ఒకటే చప్పుడు. గేర్‌బాక్సు షాఫ్టూ, ఇంజను క్రాంకూ ఒకే గీతమీద లేవని నాకు కూడా అర్థమైంది. అప్పుడు దేవదాస్ చేసిన పని సిరిసిల్లవాడు తప్ప ఇంకెవరూ చేయరు. ఇంజను నడుస్తుండగానే గేర్‌బాక్సు బోల్టులు కొద్దిగా వదులు చేశాడు. కట్టె సుత్తితో గేర్‌బాక్సును ఇటు ఒక దెబ్బ, అటు ఒక దెబ్బ మెల్లగా కొడుతూ, చెవి దగ్గర పెట్టి విన్నాడు. సాంచను అట్లాగే సెట్ చేస్తారట. ఆపి కొలతలు పెట్టరు. నడిపిస్తూ, వింటూ, తడుతూ, చప్పుడు సాఫుగా అయిన చోట బిగిస్తారు.

గులకరాళ్ల చప్పుడు తగ్గింది. ఇంకొక దెబ్బ, ఇంకా తగ్గింది. ఒక చోట పూర్తిగా పోయింది. అక్కడ బిగించాడు.

"సూసినవా సేటూ. సాంచల అన్నిటికి జర లూజుంటది. టైటు జేస్తె పోగు తెగుతది. లూజుంటె దాని తొవ్వ అదే సూసుకుంటది."

కోరుట్ల వీధుల్లో ఒక చుట్టు తిరిగాం. బండి ఎద్దులా నడిచింది. కిరాణా కొట్ల ముందు జనం లేచి నిలబడి చూశారు. అప్పటికే మాఘం మొదలైంది. ఆ వారంలోనే పెగడపల్లి నుంచి రమేశ్ అనే అతను వచ్చి, మేనల్లుడి పెళ్లికి బండి కావాలని బయానా చేతిలో పెట్టాడు. ఎండలో లోడుతో ఒకసారి గంటసేపు నడిపి చూద్దామని దేవదాస్ అన్నాడు. రమేశ్ ముందర ఆ మాట అనకూడదు కదా అని కళ్లతో సైగ చేశాను. తర్వాత ఇద్దరం మర్చిపోయాం, సీట్లకు మఖ్మల్ వేయించే పనిలో పడి.

బండిని లారీమీద ఎక్కించి పెగడపల్లి తీసుకుపోయాం. కల్యాణి, తేజస్విని కూడా వచ్చారు. కల్యాణి పెళ్లివాళ్ల బంధువులాగా పట్టుచీర కట్టుకుంది. "ఆయన చేసిన బండి కదా, పెండ్లి మాదే అనుకున్న," అని నవ్వింది. దేవదాస్ తెల్ల చొక్కా వేసుకొని స్టీరింగు పట్టుకున్నాడు. నేను పక్కన నడుస్తున్నాను. పొద్దు వాలుతుండగా బారాత్ కదిలింది.

చాలాసేపు అంతా బాగుంది. బండి ముసలమ్మల వెనక చీమలా పోయింది. పెళ్లికూతురు వాళ్ల వైపు మగవాళ్లు వచ్చి ఏ కంపెనీ అని అడిగారు. "సిరిసిల్ల కంపెనీ," అన్నాను. ఆడే పిల్లలు ముందుకు సాగరు, వెనక్కి వస్తారు. దాంతో దేవదాస్ కాలు క్లచ్ మీద నుంచి తీయడం లేదు. సగం నొక్కి, సగం వదిలి, బండిని పాకిస్తున్నాడు. ఇంజను వేడి కాళ్లకు కొడుతోంది. బస్టాండు మలుపు దగ్గర మొదట ఆ గులకరాళ్ల చప్పుడు విన్నాను. డీజే మోతలో ఇంకెవరికీ వినపడలేదు. దేవదాస్ ముఖం చూస్తే అతనికీ వినపడిందని తెలిసింది.

అంతలో ముందు ఒక ముసలమ్మ హారతి పళ్లెంతో ఆగింది. దేవదాస్ క్లచ్ పూర్తిగా నొక్కాడు. బండి ఆగలేదు. కాలు కిందిదాకా నొక్కి ఉంది, బండి ఆమె మీదికి మెల్లగా, చాలా మెల్లగా పోతూనే ఉంది. నేను ఆమె భుజం పట్టి పక్కకు లాగాను. పళ్లెం జారి పడింది. దేవదాస్ బ్రేకు తొక్కి ఇంజను ఆపేశాడు. బండి ఒక్క కుదుపుతో నిలబడింది. పెళ్లికూతురు ముందుకు తూలి పెళ్లికొడుకును పట్టుకుంది. జనం అదేదో సరసం అనుకొని ఈలలు వేశారు.

"ఏమైంది?" అన్నాను దేవదాస్ పక్కకు పోయి.

"లోపట పట్టేసింది," అన్నాడు. "క్లచ్ నొక్కినా షాఫ్టు ఇడుస్తలేదు. మల్ల స్టార్టు జెయ్యలేం సేటూ. చేస్తె ఎవరి మీదికన్న పోతది."

రమేశ్ తోసుకుంటూ వచ్చాడు. నేను తిరిగి ఇవ్వాల్సిన బయానా, పోయే పరువు, రెండూ లెక్క వేసుకుంటున్నాను. అతను ఇంకా ఏమీ అడగకముందే ఆడే పిల్లలు వెనక్కి చేరి తోయడం మొదలుపెట్టారు. దేవదాస్ గేరు తీసేశాడు, బండి కదిలింది. పాటకు తగ్గట్టు తోశారు, పాటకు తగ్గట్టు ఆపారు. ముందరికన్నా కుదురుగా పోయింది. పొగ లేదు, వేడి లేదు. ముసలమ్మలు ధైర్యంగా బండిని ఆనుకొని నడిచారు. దేవదాస్ స్టీరింగు పట్టుకొని కూర్చున్నాడు. ఎవరో అతని తలమీద కూడా అక్షింతలు వేశారు.

కల్యాణి నా పక్కకు వచ్చింది. "అన్నా, గిట్లనే తోస్తరా బారాత్ బండిని?" అని అడిగింది. తేజస్విని తల్లి చెయ్యి వదిలి వెనక్కి పోయి, పిల్లలతో కలిసి తోసింది.

దిగబెట్టాక రమేశ్ నా చెయ్యి పట్టుకున్నాడు. "సేటూ, ఇంజన్ బందయిందే మంచిగయింది. పొగకు ఆడోళ్ల చీరెలు ఆగమైతుండె. వచ్చే పదిహేను రోజులల్ల మా చెల్లెలింటికాడ కోనరావుపేటల లగ్గం ఉన్నది. గీ బండే గావాలె. ఇంజన్ వద్దు, తోసుటానికి మా పోరగాండ్లున్నరు."

దేవదాస్ వింటున్నాడు. "ఇంజన్ బాగుచేసి తెస్తం," అన్నాడు.

"ఎందుకే, ఖర్చు?" అన్నాడు రమేశ్, నిజంగానే అర్థంకాక.

కోరుట్లకు తెచ్చి గేర్‌బాక్సు దించాం. గేర్‌బాక్సు షాఫ్టు ముక్కు ఇంజను క్రాంకులో కూర్చునే చోట ఒక చిన్న ఇత్తడి బుష్షు ఉంటుంది. అది షాఫ్టుకు వెల్డింగు పెట్టినట్టు అతుక్కుపోయింది. పెద్దగా వేసిన రంధ్రాల్లో బోల్టులు వేడికి, అదురుకు జరిగాయి. గేర్‌బాక్సు వెంట్రుకంత కిందికి దిగింది. ఆ వెంట్రుకంత వంకర అంతసేపు రుద్దితే బుష్షు కరిగింది. దేవదాస్ ఆ ముక్కను అరచేతిలో పెట్టుకొని గోటితో గీకి చూశాడు.

"సాంచల లూజు ఎక్కువైతె పోగు తెగుతది, అతుకుతం," అన్నాడు. "గీన్ల తెగుటానికి పోగు లేదు."

మళ్లీ జగిత్యాల. శంకరయ్య ప్లేటు చూసి, "నేనప్పుడే చెప్పిన, టైటుగ వెయ్యాలని," అన్నాడు.

"నువ్వు చెప్పలే. అడిగినవ్," అన్నాను.

"అడిగితె చెప్పినట్టే గదా సేటూ."

రంధ్రాలు టైటుగా వేసి, రెండు పిన్నులు పెట్టి, ఇంజనూ గేర్‌బాక్సూ ప్రతిసారీ ఒకే చోట కూర్చునేలా కొత్త ప్లేటు చేయాలి. దానికి నడిమి కొలత వెంట్రుక తప్పకుండా కావాలి. అంత కచ్చితం శంకరయ్య లేతుతో రాదు. హైదరాబాదులో పెద్ద మిషను ఉందని, పాత ప్లేటును కొలతకు ట్రాన్స్‌పోర్టులో పంపాం. కోనరావుపేట పెళ్లికి బండి ఇంజను లేకుండానే పోయింది. లారీ నుంచి దించేటప్పుడు కూడా తేలిక, ఇద్దరు మనుషులతో అయిపోయింది. దేవదాస్ రాలేదు. స్టీరింగు నేనే పట్టుకున్నాను. అక్కడ చూసినవాళ్లు ఇంకో రెండు పెళ్లిళ్లకు చెప్పి పెట్టుకున్నారు. నా వ్యాపారంలో అంత సులువుగా వచ్చిన లాభం ఇంకొకటి లేదు. దాన్ని సంతోషంగా జేబులో వేసుకోలేకపోయాను.

ఎందుకంటే ఎవరూ ఇంజను గురించి అడగలేదు. బాడీ ఎక్కడ దొరుకుతుంది, మాకూ తెప్పిస్తావా అని అడిగారు. బాడీ తెప్పించడానికి ఫోను చాలు, దేవదాస్ అక్కర లేదు.

హైదరాబాదు నుంచి కొత్త ప్లేటు వచ్చింది. అద్దంలా ఉంది. పిన్నులు టక్కున కూర్చున్నాయి. చప్పుడు అసలే లేదు. దేవదాస్ నవ్వడం చాలా రోజులకు చూశాను. సాయంత్రం దాకా క్లచ్ సగం నొక్కి షెడ్డు చుట్టూ తిప్పాడు. పొద్దు వాలేసరికి మళ్లీ క్లచ్ విడవడం మానేసింది. విప్పితే, కొత్త ప్లేటు ఉండాల్సినదానికన్నా పలుచన. షాఫ్టు ముందుకు పోయి క్రాంకు అడుగుకు పొడుచుకుంది. అదురుకు రుద్దుకొని అరిగిన పాత ప్లేటును చూసి వాళ్లు అదే మందం చేశారు. వాళ్ల తప్పు లేదు, మేము పంపిన కొలతే అది. షాఫ్టు ముక్కు ఇత్తడిలో కాదు, ఈసారి క్రాంకు ఇనుములోనే గీసుకుంది. ఇక క్రాంకు దించాలి. క్రాంకు దించాలంటే ఇంజను మొత్తం విప్పాలి. ఇంజను మొత్తం విప్పితే ఇంకేం బయటపడుతుందో నాకు తెలుసు, బతుకంతా విప్పించినవాణ్ని కాబట్టి.

"ఇంకో ఇంజన్ ఉన్నది గదా దుకాణంల," అన్నాను.

"దాని మూతి ఇంకో తీరుగ ఉన్నది," అన్నాడు దేవదాస్. చేతులు తుడుచుకొని బస్సెక్కి సిరిసిల్ల పోయాడు. మర్నాడు రాలేదు.

మాఘం చివరలో నేను సిరిసిల్ల పోయాను. వాళ్ల ఇంటి ముందు గదిలో సాంచలు ఉండిన చోట నేలమీద బోల్టు గుంతలు మాత్రం ఉన్నాయి. కల్యాణి చాటలో బీడీ ఆకు కత్తిరిస్తూ కూర్చుంది. నేను కుర్చీలో కూర్చొని, వచ్చిన పని చెప్పాను. బండి తోసుడు బండిగానే నడుస్తోంది. పొత్తు పొత్తే, సగం అతనిదే. బండితో పాటు పోయి చూసుకుంటే చాలు, భివండి పోవద్దు.

కల్యాణి ఆకు కత్తిరించడం ఆపింది. "తోసుడు బండైతేంది. ఇంట్ల మనిషుంటడు," అంది.

"బండి తోసుటానికి నేనెందుకే? ఎవడైన తోస్తడు," అన్నాడు దేవదాస్.

"ఇంజన్‌కు నువ్వు గావాలె. ఇంటికి వద్దా?"

అతను భార్య వైపు చూడలేదు, నా వైపు తిరిగాడు. "సేటూ, నువ్వు లెక్క మనిషివి. నువ్వే చెప్పు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం. నడుమ మూఢం. ఆషాఢంల ఎవడు లగ్గం జేస్తడు? శ్రావణంల నాలుగు. ఒక్క తోసుడు బండి మీద రెండు ఇండ్లు బతుకుతయా?"

నేను దారిలోనే ఆ లెక్క వేసుకున్నాను. బతకవు. ఒక ఇల్లు బతుకుతుంది, అదీ ఈడ్చుకుంటూ. అబద్ధం చెప్పాలని చాలా అనిపించింది. ఇనుము విషయంలో ఎన్నో చెప్పాను. కల్యాణి నా నోటి వైపే చూస్తోంది.

"నా సగం నాకొద్దు. బండి నువ్వే పెట్టుకో," అన్నాను.

"అట్ల అనకు సేటూ. బేరంల ధర్మం కలిపితె రెండూ ఖరాబైతయి," అన్నాడు. కోపంగా అనలేదు. "బండ్లు చేసే పని ఉంటదని ఉన్న నేను. బండి తిప్పే పనికి గాదు. భివండోల్లకు ఫోన్ జేసిన. రమ్మన్నరు."

కల్యాణి మళ్లీ ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది. ఇంతకుముందు కన్నా వేగంగా కత్తిరించింది. కాసేపటికి, "అన్నా, చాయ్ తాగుతవా?" అంది. వద్దని చెప్పలేక తాగాను.

భివండి బస్సు సిరిసిల్లలో మధ్యాహ్నం ఎక్కించుకుంటుంది. ఆ రోజు నేను పనేమీ లేకపోయినా పోయాను. తేజస్వినికి పరీక్ష ఉండి రాలేదు. కల్యాణి సంచీలో రొట్టెలు, మామిడి తొక్కు డబ్బా సర్దుతూ, డబ్బా మూతను మళ్లీ మళ్లీ బిగించింది. బస్సు వచ్చి ఆగింది. సగం మంది అతని వంటివాళ్లే. ఒకరినొకరు ఎరిగినవాళ్లు, ఏ కార్ఖానాకు అని అడుగుతున్నారు.

దేవదాస్ కిటికీ పక్కన కూర్చున్నాడు. డ్రైవరు స్టార్టు చేసి గేరు వేశాడు. అడుగున ఎక్కడో కిర్రుమంది.

"దీని గేర్‌బాక్సుల బేరింగ్ పోయింది సేటూ," అన్నాడు దేవదాస్, తల బయటికి పెట్టి.

"మరి పోతదా అంత దూరం?"

అతను ఒక్క క్షణం విన్నాడు. "పోతది. జర లొల్లి జేసుకుంట పోతది," అన్నాడు.

కల్యాణి కిటికీ ఊచను పట్టుకొని ఉంది. బస్సు కదిలితే ఆమె కూడా దాంతో నాలుగడుగులు నడిచి, అప్పుడు చెయ్యి వదిలింది. కోరుట్ల బస్సు ఎప్పుడో ఎవరినో అడగాలి. అడగకుండా అక్కడే నిలబడ్డాను.